చెలక లెక్క, జీతం లెక్క

పల్లెటూరి కుటుంబం అప్పుల పాలు కావడానికి దాని రాబడి కన్నా ఖర్చు పెట్టే తీరే కారణమని, పెండ్లికి, దినాలకు, జాతరకు ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఆ తర్వాత మిత్తికి తెచ్చుకునే అలవాటు మాన్పించి నెలనెలా ఇంత అని దాచుకోవడం నేర్పితే దాని బతుకు దానంతటదే గాడిన పడుతుందని చెప్పే వాదం ఒకటి బ్యాంకుల అవగాహన సదస్సుల్లో, దినపత్రికల ఆర్థిక పుటల్లో, యూట్యూబు ప్రసంగాల్లో ఎదురులేకుండా చెలామణి అవుతోంది. ఈ వాదానికి మర్యాదైన రూపం కూడా ఒకటుంది. డబ్బును తక్కెడలో ఒకవైపు, జీవితాన్ని మరోవైపు పెట్టి, ముందు భవిష్యత్తు కోసం కొంత పక్కకు తీసి, మిగిలిన దానిలోంచే పండుగలకు, బంధువులకు, సంతోషాలకు కేటాయించుకోవడమే సమతూకమని అది బోధిస్తుంది. మొదటి రూపం రైతును నిందిస్తుంది, రెండోది బుజ్జగిస్తుంది; రెండింటికీ పునాది ఒక్కటే, ఆర్థిక ప్రణాళిక వేరు, అర్థవంతమైన బతుకు వేరు అనే విభజన. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో కుటుంబాలు డబ్బును నడిపే తీరు చూస్తే, ఈ విభజన నెలజీతం ఉన్న ఇంట్లో పుట్టిందని, ఆ ఇంటి గడప దాటితే దానికి పెద్దగా అర్థం ఉండదని తేలుతుంది.

నల్లగొండ జిల్లా కేతేపల్లి ఈ పరిశీలనకు తగిన చోటు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద నకిరేకల్‌కు, సూర్యాపేటకు నడుమ ఉన్న ఈ మండలంలో ఒకవైపు మూసీ ప్రాజెక్టు నీరు పారే వరి మడులు, మరోవైపు కాలువ ఎక్కని చెలకలు, అంటే వాన మీదనో బోరు మీదనో ఆధారపడే ఎర్రనేల మెట్ట భూములు, పక్కపక్కనే కనిపిస్తాయి. కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర ఆగి కదిలే కార్లలోని ఉద్యోగుల ఖాతాల్లో ప్రతి నెలా ఒకటో తారీఖుకు అటూ ఇటూగా జీతం పడుతుంది. ఆ రోడ్డు పక్క మడిలో ఉన్న రైతుకు వానకాలానికి ఒకసారి, యాసంగికి ఒకసారి, అదీ పంట చేతికొస్తేనే, డబ్బు కనిపిస్తుంది. నీళ్లున్న పొలానికైనా పూచీ లేదనడానికి మూసీ ప్రాజెక్టే సాక్ష్యం. 645 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టం, 4.46 టీఎంసీల సామర్థ్యం ఉన్న ఈ జలాశయంలో 2019 అక్టోబరులో ఒక గేటు కొట్టుకుపోయి, యాసంగికి భరోసా అనుకున్న నీరు కళ్ల ముందే దిగువకు పోయింది. ఆ సంవత్సరం ఆయకట్టు రైతు ఎంత క్రమశిక్షణతో పొదుపు చేసి ఉన్నా గేటు నిలిచేది కాదు.

పొదుపు ప్రబోధకులు ఎక్కువగా వల్లించే సూత్రం యాభై–ముప్పై–ఇరవై: వచ్చిన దానిలో సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ తన కూతురు అమీలియా వారెన్ త్యాగితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో ఈ లెక్క లోకమంతా పాకింది. దానికి రెండేళ్ల ముందు ఆ తల్లీకూతుళ్లే రాసిన మరో పుస్తకం మాత్రం ఇక్కడి ప్రబోధకుల చేతికి అందినట్టు లేదు. దివాలా తీసిన అమెరికన్ మధ్యతరగతి కుటుంబాలు విలాసాలకు తగలేసి చెడిపోలేదని, ఇల్లు, బడి, ఆసుపత్రి అనే తప్పించుకోలేని ఖర్చులే వాటిని ముంచాయని, దుబారా వల్ల దివాలా అనేది ఒక అపోహ అని 2003 నాటి ఆ పుస్తకం వాదించింది. అంటే కేతేపల్లి రైతును దుబారా మనిషిగా నిలబెట్టడానికి ఎవరి సూత్రాన్ని వాడుతున్నారో, ఆ సూత్రకర్త తన దేశపు కుటుంబాల విషయంలో ఆ నిందనే కొట్టిపారేసింది.

సూత్రం సంగతి అలా ఉంచినా, అందులోని కాలమానం ఇక్కడ పనిచేయదు. శాతాలుగా పంచాలంటే ముందు పంచవలసిన మొత్తం ఎంతో తెలియాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు కాంటా అయి ఖాతాలో డబ్బు పడేనాటికి ఆ డబ్బులో ఎక్కువ భాగం అంతకుముందే ఖర్చయి ఉంటుంది. ఎరువుల దుకాణంలో, ట్రాక్టరు కిరాయిలో, కోత మిషను బాకీలో, కైకిలి కూళ్లలో అది పద్దుగా రాసుకుని కూర్చుని ఉంటుంది. జీతగాడు ముందు సంపాదించి తర్వాత ఖర్చు పెడతాడు, రైతు ముందు ఖర్చు పెట్టి తర్వాత సంపాదిస్తాడు. ఈ తలకిందుల క్రమంలో అప్పు ఒక చెడు అలవాటుగా ఉండదు, పంటకు విత్తనం ఎంతో అదీ అంతే.

మిత్తి లెక్క దీనికన్నా కఠినమైనది. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. నూటికి మూడంటే ముప్పై ఆరు. యాభై వేల రూపాయల బాకీ మీద నూటికి రెండు చొప్పున ఏటా పన్నెండు వేలు మిత్తి కడుతున్న మనిషిని కూర్చోబెట్టి, మ్యూచువల్ ఫండులో నెలకు వెయ్యి చొప్పున వేస్తే దీర్ఘకాలంలో ఏడాదికి పన్నెండు శాతం రావచ్చని చెప్పడం, అది వస్తుందనే ఒప్పుకున్నా, నష్టపు బేరం నేర్పడమే. ఆ వెయ్యి రూపాయలు బాకీకి కడితే, ఫండులో సంపాదించే దానికి రెట్టింపు మిత్తి మిగులుతుంది. ఈ చిన్న గుణకారం ఊళ్లో బడి మెట్లెక్కని ముసలామెకు కూడా తెలుసు కనుకనే చేతికి నాలుగు రూపాయలు రాగానే ఆమె బ్యాంకుకు పోదు, అప్పిచ్చిన వాళ్లింటికి పోతుంది. దీన్ని ఆర్థిక నిరక్షరాస్యత అని పిలిచే వారికి అక్షరాలు వచ్చి ఉండవచ్చు, ఎక్కాలు రావాలి.

పెండ్లి ఖర్చే రైతును ముంచుతుందనే ఆరోపణ కొత్తదేమీ కాదు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు లాగి తగలబెట్టిన దక్కన్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్, రైతుల రుణభారానికి పెండ్లిళ్లు, పండుగలే కారణమన్న మాటకు ఉండవలసిన దానికన్నా ఎక్కువ ప్రాధాన్యం దక్కిందని తన విచారణలో తేల్చింది. రైతుల పక్షాన మాట్లాడే ఉద్దేశం ఏ కోశానా లేని పాలకులే నూట యాభై ఏళ్ల కింద పక్కన పెట్టిన వాదం ఇప్పుడు ఆర్థిక అక్షరాస్యత అనే కొత్త బట్ట కట్టుకుని వస్తోంది. నల్లగొండకు వస్తే, నైజాం కాలంలో ఇక్కడి రైతును పీడించిన అప్పుల్లో పేరుమోసినది నాగు, అంటే తిండికో విత్తనానికో తెచ్చుకున్న గింజలకు పంట మీద సగం కలిపి తిరిగి కొలవాలనే ఒప్పందం. నాగు తెచ్చుకున్నవాడు విందు కోసం తెచ్చుకోలేదు. వెట్టితో పాటు నాగు కూడా 1940లలో సాయుధ పోరాటానికి దారి తీసిన కారణాల్లో ఒకటైంది గాని, పొదుపు శిబిరం పెడితే అది తీరేది కాదు.

ఇటీవలి లెక్కలూ ఇదే చెబుతాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సర్వే ప్రకారం తెలంగాణలో వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు బాకీ 1,52,113 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, 2,45,554 రూపాయలు. దేశం మొత్తం మీద 50.2 శాతం, 74,121 రూపాయలు. అప్పు వ్యక్తుల గుణదోషాల ఫలితమే అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లో పదింట తొమ్మిది కుటుంబాలకు ఒకేసారి బుద్ధి గడ్డి తిందని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ సర్వేలోనే దేశవ్యాప్తంగా వ్యవసాయ కుటుంబాల బాకీల్లో సగానికి మించి, 57.5 శాతం, వ్యవసాయ అవసరాల కోసమే తెచ్చినవని తేలింది.

ప్రత్యర్థుల చేతిలో బలమైన ఆధారం కూడా ఉందని ఒప్పుకోవాలి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో అత్యంత పేద కుటుంబాలు సైతం ఏడాది ఖర్చులో సుమారు పదో వంతు పండుగలకు పెడుతున్నాయని ఆర్థిక శాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో 2007లో చూపారు. కడుపు నిండని ఇంట్లో పదో వంతు పండుగకా అని అడగడం సహజమే. అయితే ఆ పదో వంతు ఎక్కడికి పోతుందో, తిరిగి ఎట్లా వస్తుందో చూడకుండా దాన్ని వృథా పద్దులో రాయడం లెక్కల మనిషి చేయదగిన పని కాదు.

ఆ డబ్బు తిరిగే దారి కనిపించే చోటు కట్నాల పుస్తకం. ఇక్కడ కట్నమంటే వరకట్నం కాదు, పెండ్లికి వచ్చినవాళ్లు చదివించే డబ్బు. పందిరి ముఖద్వారం దగ్గర ఒక టేబుల్ వేసి, దాని వెనుక అక్షరం గుండ్రంగా రాసే మనిషిని, పక్కన డబ్బు లెక్కపెట్టి సంచిలో వేసే ఇంటి మనిషిని కూర్చోబెడతారు. పొడుగాటి పుస్తకం మొదటి పేజీ నాలుగు మూలలకూ పసుపు పూసి ఉంటుంది, పైన దేవుడి పేరు, దాని కింద ఆడపిల్ల మేనమామది మొదటి పద్దు. ఆ తర్వాత వరుసగా ఇంటిపేరు, పేరు, ఊరు, రొక్కం. రొక్కం కాకుంటే బిందె, చీర, తులం బంగారంలో పావు. ఐదు వందల పదహార్లా, వెయ్యి నూట పదహార్లా అన్నది ఇచ్చేవాడు అక్కడికక్కడ తేల్చుకునేది కాదు. తన ఇంట్లో ఉన్న పాత పుస్తకం తిరగేసి, తన కొడుకు పెండ్లికి వీళ్లు ఏం చదివించారో చూసి, దానికి కొంత కలిపి తెచ్చుకుంటాడు. పెండ్లి మరునాడు ఆ సంచిలోంచే వంట మాస్టరు బాకీ, కిరాణా బాకీ, టెంటు బాకీ కొంతవరకు తీరతాయి. ఇది పెండ్లి చేసే ఇంటికి ఆ రోజు వందలాది ఇళ్లు మిత్తి లేకుండా, ప్రామిసరీ నోటు లేకుండా ఇచ్చే అప్పు. తీర్చవలసిన తేదీ అప్పిచ్చిన వాడి ఇంట్లో శుభకార్యం ఎప్పుడొస్తే అప్పుడు. చీటీ పాటకు దీనికి తేడా ఏమిటంటే, చీటీలో అవసరం ఎక్కువున్నవాడు ఎక్కువ నష్టానికి పాడుకుంటాడు, ఇక్కడ అవసరం వచ్చినవాడికి పాట లేకుండానే చేతికొస్తుంది.

ఈ అల్లిక ఎంత దూరం పనిచేస్తుందో తెలుసుకోవడానికి మెట్ట ప్రాంతమే ప్రపంచానికి పాఠశాల అయింది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలకు ఎంచుకున్న ఊళ్లలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లి ఒకటి. అక్కడ కుటుంబాల ఆదాయాన్ని, తిండిని, అప్పును ఏళ్ల తరబడి రాసుకున్నారు. అవురుపల్లితో పాటు మహారాష్ట్రలోని షిరాపూర్, కంజారా ఊళ్ల లెక్కలతో ఆర్థిక శాస్త్రవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ప్రచురించిన పరిశోధన, ఒక ఇంటి ఆదాయం ఆ ఏడు పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదని, ఇంటింటి వినియోగం ఊరి సగటుతో పాటే కదులుతుందని చూపింది. అంటే ఎవరూ బీమా పాలసీ రాయకుండానే ఊరు చాలావరకు బీమా కంపెనీలా నడుస్తోందన్న మాట. ఆ బీమాలోని చిల్లినీ ఆ పరిశోధనే చూపింది. మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఈ రక్షణ తక్కువగా అందింది.

ఊరంతా ఒకేసారి ఎండితే ఊరిలోపలి సాయం పనికిరాదు, పక్కింటి బావి కూడా ఎండే ఉంటుంది గనక. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఇక్రిశాట్ లెక్కలతోనే చేసిన అధ్యయనం ఇక్కడే ఒక ముడి విప్పింది. పంట రాబడి ఎక్కువగా ఊగిసలాడే కుటుంబాలు ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇవ్వడానికి మొగ్గు చూపుతున్నాయని, అలాంటి వియ్యాలున్న ఇళ్లలో కరువు ఏడు తిండి అంతగా తగ్గడం లేదని వారు తేల్చారు. తన ఊళ్లో వాన పడని ఏడు వియ్యంకుడి ఊళ్లో పడవచ్చు. పొదుపు ప్రబోధకుడు దుబారా పద్దులో రాసిన పెండ్లి, ఆర్థిక శాస్త్రవేత్తల పట్టికలో కరువు బీమాగా తేలింది. ఆ కుటుంబం అది ప్రణాళిక అని చెప్పుకోదు, చుట్టరికం అంటుంది. ఒడిబియ్యం పోసి, బతుకమ్మకు తీసుకొచ్చి, దసరాకు బట్టలు పెట్టి ఆ చుట్టరికాన్ని నిలబెట్టుకుంటుంది. ఇందులో ఎంత భాగం ఆర్థికం, ఎంత భాగం ఆప్యాయత అని విడదీయమంటే ఆ ఇంటివాళ్లకు ప్రశ్నే అర్థం కాదు.

ఇదంతా చూపి ప్రతి పెండ్లి ఖర్చునూ సమర్థించబోతే ఈ ఖండన కూడా మరో ప్రబోధమవుతుంది. వరకట్నాన్ని 1961 నాటి చట్టం నిషేధించింది. అది ఒక ఇంటి నుంచి మరో ఇంటికి ఒకే దిక్కున పోయే సొమ్ము, కట్నాల పుస్తకంలోలా తిరిగి రాదు, ఆడపిల్ల పుట్టిన నాటి నుంచే తండ్రి గుండె మీద రాయి పెడుతుంది. 2014లో కల్యాణలక్ష్మి పేరుతో 51,000 రూపాయలతో మొదలై 2018 నాటికి 1,00,116 రూపాయలైన ప్రభుత్వ సాయం ఎన్నో ఇళ్లకు ఊరటనిచ్చింది గాని, కట్నమనే రాయిని కదిలించలేదు. రహదారి వెంట లేచిన ఫంక్షన్‌హాళ్ల సంగతీ ఇటువంటిదే. ఇంటి ముందు పందిట్లో ఊరి వంటమనిషి, ఊరి కుమ్మరి కుండ, ఊరి గొల్లవాళ్ల మేకపోతు ఉన్నంతకాలం ఖర్చు ఊళ్లోనే చేతులు మారింది. హాలు కిరాయి, డ్రోను కెమెరా, సినిమా సెట్టింగు వేదిక వచ్చాక అది పట్నానికి పోయింది. డబ్బు తిరిగొచ్చే ఖర్చుకు, తిరిగిరాని ఖర్చుకు మధ్య ఉన్న ఈ గీత ఊళ్లో పెద్దలకు కనిపిస్తూనే ఉంది. ప్రబోధకులకు రెండూ ఒకే పద్దు.

అసలు ఈ ప్రాంతపు మనుషులకు దాచుకోవడం రాదన్న మాటే తప్పు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ ముందు నడవగా ఆడవాళ్లు లేపిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990ల మొదట్లో, రోజుకో రూపాయి పొదుపుతో మొదలైన మహిళా సంఘాలు రెండు రాష్ట్రాల్లో పల్లెపల్లెకూ పాకాయి; పది పదిహేను మంది కలిసి దాచుకుని ఒకరికొకరు పూచీ ఉండి బ్యాంకు అప్పు తీర్చే పద్ధతి నేడు నల్లగొండ ఊళ్లలో మామూలు సంగతి. ఆ క్రమశిక్షణకు దక్కిన బహుమానం ఏమిటో కూడా చూడాలి. వారం వారం కిస్తీ కట్టించుకునే సూక్ష్మరుణ సంస్థలు ఆ సంఘాల వెనకే వాకిళ్లలోకి వచ్చి, వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదికి తెచ్చేదాకా పోగా, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంస్థ 2014–15 ప్రాంతంలో కుప్పకూలినప్పుడు మునిగిన లక్షల మంది ఎవరు? తాగి తందనాలాడినవాళ్లు కాదు. నెలనెలా తప్పకుండా కిస్తీ కట్టినవాళ్లు, అంటే ప్రబోధకుడు కోరినట్టే బతికినవాళ్లు.

దూరదృష్టి లేదన్న ఆరోపణకు నల్లగొండ బత్తాయి తోట చాలు. మొక్క నాటిన నాలుగైదేళ్లకు గాని కాపు రాని పంట మీద, ఆ నాలుగైదేళ్లూ ఎరువు, నీరు, కాపలా పెడుతూ కూర్చునే మనిషికి దీర్ఘకాలిక పెట్టుబడి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కాపుకొచ్చిన ఏడే బోరు ఎండి, ఇంకో బోరు వేసి, అదీ పడక, చివరికి చెట్లు కొట్టి కట్టెల కింద అమ్ముకున్న తోటలు ఈ జిల్లాలో ఉన్నాయి. అక్కడ లోపించింది నేల కింద నీరు.

ఇక సమతూకం బోధించేవారు మాట్లాడే పదవీ విరమణ. అరవై ఏళ్ల వరకు కూడబెట్టి ఆ తర్వాత మనసుకు నచ్చినట్టు బతకడమో, ఇంకా తొందరపడి నలభై ఐదుకే విరమించడమో వారి ఆదర్శం. నాట్లు వేసే ఆడమనిషికి, కల్లు గీసే గౌడకు, గొర్రెలు కాసే గొల్లకు విరమణ లేదు. నడుము వంగేదాకా పని, వంగాక ప్రభుత్వ పింఛను, 2014లో వెయ్యి రూపాయలై, 2019లో 2,016 రూపాయలైనది. జీవితానందాన్ని విరమణ తర్వాతికి వాయిదా వేయమని చెప్పడమంటే ఇటువంటి మనిషికి అసలు వద్దని చెప్పడమే. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి, మాఘమాసంలో, ఐదు రోజుల లింగమంతుల జాతర జరుగుతుంది. కేసారం ఊరి నుంచి దేవతల ప్రతిమలున్న దేవరపెట్టె వచ్చి, డప్పులు మోగి, యాదవ కుటుంబాలు బండ్లు కట్టుకుని, ఇప్పుడైతే ట్రాలీ ఆటోలు కట్టుకుని, గట్టెక్కుతాయి. జాతరకు మొక్కిన పొట్టేలు అమ్మితే ఎంత వచ్చేది, దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఎంతయ్యేది అని లెక్క వేసేవారు ఒక సంగతి మరచిపోతారు: ఆ మందను ఆ ఇల్లు దశాబ్దాలుగా నిలబెట్టుకున్నది దేవరకు పొట్టేలు ఉండాలన్న కట్టుబాటు కూడా కలిసే. పట్నంలో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఇంటి ఈఎంఐ కడుతున్న కొడుకులు ఆ ఐదు రోజులకు సెలవు దొరక్క ఫోనులో వీడియో చూడడం కూడా ఇప్పుడు మామూలే. సమతూకం ఎవరికి తప్పిందో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు.

పల్లె కుటుంబానికి కావలసింది ఏమిటన్న ప్రశ్నకు జవాబు, ఊరి అల్లిక ఎక్కడ తెగుతుందో అక్కడ వెతకాలి. అది చావు దగ్గర, పెద్ద జబ్బు దగ్గర, ఊరుమ్మడి కరువు దగ్గర తెగుతుంది. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి ఐదు లక్షల రూపాయలు ఇచ్చే పథకం, ఒక్క రూపాయి ప్రీమియం అడగకుండా, ఒక్క సదస్సు పెట్టకుండా చేసిన పని ఏ పొదుపు పాఠమూ చేయలేదు. కాని ఆ ఐదు లక్షలు పాసుపుస్తకం ఉన్న ఇంటికే. టౌన్‌సెండ్ లెక్కల్లోని ఒక ఊళ్లో భూమి లేనివాడికి ఊరి రక్షణ తక్కువైనట్టే, రైతుబీమాలోనూ కౌలుదారుకు, కైకిలి మనిషికి చోటు లేదు. ఊరి అల్లికా ప్రభుత్వ అల్లికా ఒకే చోట చిరిగి ఉన్నాయి, చిరుగులో నిలబడ్డవాళ్లూ ఒక్కరే. ఆర్థిక క్రమశిక్షణ గురించి ప్రసంగాలు వినడానికి సదస్సులో ముందు వరుసలో కూర్చోబెట్టేదీ వాళ్లనే.

కట్నాల టేబుల్ మీద ఇప్పుడు ఫోన్‌పే స్కానరు కూడా నిలబెడుతున్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు, రాలేకపోయినవాళ్లు అందులో పంపుతారు. ఫోను గట్టిగా అంకె చెబుతుంది. టేబుల్ వెనుక మనిషి ఆ అంకె విని కలం ఆపి, ఎవరి తరఫు, ఏ ఊరు, ఎవరి కొడుకు అని అడిగి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే వెనక నిలబడ్డవాళ్లను ముందుకు రమ్మంటాడు.